పుట్టినచోటిని మరవని ఫంక్షన్

సూరత్ మరమగ్గాలకు తెలుగువారి చేతులు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. తండ్రిది మగ్గం పనైతే కొడుకుది కంప్యూటర్ పని కావచ్చు. ఈ రెండూ దూరపు చుట్టాలేమీ కావు. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ రూపొందించిన మగ్గం చిల్లుల అట్టలను బట్టి డిజైన్ నేసేది. అట్టలు మారిస్తే అదే మగ్గం మీద వేరే పువ్వు పూసేది.

వెబ్ పేజీలను కదిలించే జావాస్క్రిప్ట్‌లో దాదాపు అలాంటి సదుపాయమే క్లోజర్. బట్టల వ్యాపారి వెబ్‌సైట్‌కు గుడ్డ లెక్క కావాలనుకుందాం. జాకెట్టు ముక్కతో కలిపి చీరకు 6.3 మీటర్లు, ముక్క లేకుంటే 5.5 మీటర్లు. కొత్తగా నేర్చుకున్న కుర్రాడు రకానికో ఫంక్షన్ రాసేస్తాడు. పది రకాలకు పది నకళ్లు. రేపు యజమాని తరుగు కూడా కలపమంటే పదిచోట్లా దిద్దాలి. ఒక్కచోట మరిచినా ఆర్డరుకు గుడ్డ చాలదు.

చేయి తిరిగినవాడు ఒక్కటే రాస్తాడు. దానికి పొడవు చెబితే మరో చిన్న ఫంక్షన్‌ను తయారుచేసి ఇస్తుంది. 6.3తో పుట్టినదాన్ని 100 చీరలకు ఎంతని అడిగితే 630 మీటర్లంటుంది. 5.5తో పుట్టినది 550 అంటుంది. తయారుచేసిన ఫంక్షన్ పని ముగించుకున్నా, తాను పుట్టినచోటి అంకెను చిన్నది మరిచిపోదు. ఊరు దాటినా నేత మరవని సాలె మనిషిలాగే. ఈ గుణానికి క్లోజర్ అన్న పేరు 1964లో పీటర్ లాండిన్ పెట్టారు.

ఓ చిక్కూ ఉంది. క్లోజర్ గుర్తుంచుకునేది అంకెను కాదు, ఆ అంకె ఉన్న పెట్టెను. పాత పద్ధతిలో 'వార్' అని రాసి లూప్‌లో పది ఫంక్షన్లు తయారుచేస్తే, పదింటికీ పెట్టె ఒక్కటే. చివరగా అందులో పడ్డ అంకెనే అన్నీ చెబుతాయి. చీర ఏదైనా లెక్క ఒక్కటే వస్తుంది. 2015 ప్రమాణంలో వచ్చిన 'లెట్' వాడితే ప్రతి చుట్టుకూ విడి పెట్టె దొరుకుతుంది.

అంత జాగ్రత్త పడితే చాలు. తరుగు లెక్క ఎన్నిసార్లు మారినా దిద్దాల్సింది ఒక్క వరుసే.