తఖ్తాల మధ్య సందు

మా అబ్బాజాన్ బెజవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీ బాడీలు కట్టారు. మోతియాబింద్ వచ్చాక పని మానేశారు. పోయినేడు ఆయన పాత గిరాకీ ఒకాయన మిలటరీ వేలంలో శక్తిమాన్ ట్రక్కు కొన్నాడు. 1959 నుంచి జబల్‌పూర్‌లో జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో తయారైన బండ్లవి. ఇంజను సలామత్‌గానే ఉంది. వెనక తొట్టి చెక్కే చీకిపోయింది. "మీరే కట్టాలి" అన్నాడు.

సెలవు పెట్టి తోడెళ్లాను. కళ్లు నావి, హునర్ ఆయనది. ఛాసిస్ మీద పొడుగు దూలాలు, వాటిపై అడ్డ దూలాలు పెట్టి యూ బోల్టులతో బిగించాం. పైన మద్ది తఖ్తాలు. ఒకదానికొకటి ఆనించి పేర్చాను. ఖూబ్‌సూరత్‌గా కనిపించాయి.

అబ్బాజాన్ వేళ్లతో తడిమి, "తీసెయ్ బేటా" అన్నారు.

పొద్దుట్నుంచీ చేసిన మెహనత్! నాకు గుస్సా వచ్చింది.

"వానకి లకడీ అడ్డంగా ఉబ్బుతుంది. జాగా లేకపోతే తఖ్తాలు తోసుకుని పైకి లేస్తాయి. నీళ్లు దిగే దారి లేక కుళ్లిపోతాయి. పాతది పోయిందీ అందుకే."

మళ్లీ విప్పాను. ప్రతి సందులో మేకు పెట్టి, ఆ మందం వదిలి బిగించాను.

పని అయ్యాక, మిగిలిన నాలుగు తఖ్తాలు అడిగి తీసుకున్నారు. మా మసీదులో మయ్యత్‌కి గుస్ల్ చేయించే బల్ల పాతబడిందట.

"దానికీ అంతే బేటా. నీళ్లు నిలవకూడదు."

ఇప్పుడే తొందరేంటని నేను అడగలేదు. జేబులోంచి ఆ మేకు తీశాను.