దసరా కార్డులో మరిదికి చోటు

దసరా వస్తోందంటే చాలు, ఫోన్లన్నీ నిండిపోతాయి. అదే అమ్మవారి బొమ్మ, అదే బంతిపూల దండ, అదే "మీకూ మీ కుటుంబ సభ్యులకూ". పంపినవాళ్లు చదవరు, అందుకున్నవాళ్లు చూడరు. అందుకే మూడేళ్లుగా మా ఇంటి కార్డు మేమే చేసుకుంటున్నాం. పాత కంప్యూటరు, ఫోన్లో తీసిన ఫోటోలు, కాస్త వెటకారం ఉంటే చాలు.

మొదటి ఏడు పిల్లలిద్దరి మొహాలు పాలపిట్టలకు అతికించాం. "పాలపిట్ట కోసం పొలాల వెంట తిరగకండి, మా ఇంట్లోనే రెండున్నాయి, పొద్దున్నుంచి అరుస్తున్నాయి" అని రాశాం. రెండో ఏడు మావారిని పది తలల రావణుణ్ణి చేశాం. ఒక తల క్రికెట్ చూస్తుంది, ఒకటి నిద్రపోతుంది, మిగతావన్నీ చాయ్ అడుగుతాయి. పది ఫోటోలకూ ఆయనే కూర్చుని మొహాలు పెట్టారు.

మూడో ఏడే చిక్కొచ్చింది. మా మరిది దుబాయిలో ఉంటాడు. మా నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. సెలవు దొరికినా ఎండాకాలంలోనే, అందుకే నాలుగు దసరాలకు ఇంటికి లేడు. మా పాప అతని ఫోటో కత్తిరించి, మామయ్య పక్కన నిలబెట్టింది. నీడ కూడా వేసింది. చూస్తే అచ్చం ఇక్కడే ఉన్నట్టుంది.

అత్తమ్మ స్క్రీన్ వైపు చాలాసేపు చూసింది. "తీసెయ్ బిడ్డా. పోయినోళ్లను గదా ఇట్ల అతికిస్తరు" అంది.

ఎవరమూ మాట్లాడలేదు. నిజమే కదా. పెళ్లి ఆల్బమ్‌లో, గృహప్రవేశం ఫ్లెక్సీ మీద, కాలం చేసిన తాతను మధ్యలో నిలబెట్టడం మన స్టూడియోల్లో మామూలే.

మనం సంబరంగా చేసింది చూసేవాళ్లకు ఇంకోలా తగలడం కొత్తేమీ కాదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో క్రిస్మస్ కార్డు వేయించి వెయ్యి ప్రతులు అచ్చు కొట్టించాడు. అమ్మకానికొచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు అదేనంటారు. అందులోనూ ఒక కుటుంబమే, పండగ పూట గ్లాసులెత్తుతూ. పసిపిల్లకు కూడా వైన్ తాగిస్తున్నారేమిటని మద్యం వద్దనేవాళ్లు మండిపడ్డారట.

మేం ఫోటో మార్చేశాం. మరిదిని లోపల అతికించకుండా, మేమే అతని కోసం ఎయిర్‌పోర్టులో ఎదురుచూస్తున్నట్టు వరసగా నిలబడ్డాం. మామయ్య చేతిలో "స్వాగతం" అట్ట, అదీ తలకిందులుగా. అత్తమ్మ చేతిలో గారెల పళ్లెం. మా బాబు నల్లకళ్లద్దాలు పెట్టి "రుద్రూర్ ట్యాక్సీ" బోర్డు పట్టుకున్నాడు. వెనక చెరుకు తోట ఉండాలని అత్తమ్మ పట్టు. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చుట్టుపక్కల చెరుకు పోయి వరి పెరిగింది. పాత ఆల్బమ్‌లోంచి తోట ఫోటో వెతికి వెనక పెట్టాం.

పాప "దుబాయి విమానం నాలుగు దసరాలు ఆలస్యం" అని రాసింది. మళ్లీ అత్తమ్మే ఆపింది. "ఆలస్యం ఆడు చేసిండా?" అంది. ఆ మాట తీసేసి ఇలా రాశాం: "జమ్మి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. గారెలు మాత్రం ఇక్కడే." మన తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, ఎమిరేట్స్‌కు జాతీయ వృక్షం కూడా. అక్కడ దాన్ని గాఫ్ అంటారు.

చేసుకోవాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. పవర్‌పాయింట్‌లో స్లైడు కొలత 6 అంగుళాలు, 4 అంగుళాలు అని పెట్టుకోండి. ఫోటో వెనక భాగం తీసేసే బటను అందులోనే ఉంటుంది. ఫోటోలు వాట్సాప్‌లో వచ్చినవి కాకుండా ఫోన్లోని అసలువే వాడండి. తెలుగుకు రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. స్టూడియోలో ప్రింటుకు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్‌గా దాచి ఇస్తే అక్షరాలు చెదరవు. ఫోన్లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, మసకబారదు.

ఇంకొకటి, ఇది ఏ బటనుతోనూ రాదు. పంపేముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి చూపించండి. కార్డులో ఎవరి మీద జోకు వేశారో వాళ్లు ముందు నవ్వాలి. దూరంగా ఉన్నవాళ్ల మీదైతే, పని ముగించుకుని గదికొచ్చి ఒక్కరే ఫోను తెరిచినప్పుడు అది ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించాలి.

మా మరిది మర్నాడు ఒక ఫోటో పంపాడు. రోడ్డు పక్కన జమ్మి చెట్టు కింద, పని బట్టల్లోనే నిలబడి, చెయ్యి చాపి ఉన్నాడు. కింద ఒక్క మాట: "వదినా, బంగారం దొరికింది. గారెలు పంపుర్రి."

అత్తమ్మ ఆ ఫోటోను మాత్రం ప్రింటు తీయించి టీవీ పక్కన పెట్టుకుంది.