ఇరువది నిమిషముల దానము



శ్రమను గూర్చిన మాటలు గ్రంథములకెక్కును. విశ్రాంతిని గూర్చిన మాటలు వంటయిండ్లలోను, వీధి యరుగులమీదను పుట్టి అచ్చటనే మిగిలిపోవును. కావ్యములలో విశ్రమించువారు రాజులు. ఆలయములందు పవళింపు సేవ స్వామికి. గృహిణికి ఈ పెద్దమాటలేవియు చెల్లవు. ఆమె "నడుము వాల్చును", లేదా "కోడికునుకు తీయును." ఏ చిన్న చప్పుడైనను ఉలికిపడి లేచు నిద్రకు అంతకంటె సరియైన పేరు దొరకదు. ఇట్టి మాటలను గ్రామ్యములని త్రోసివేయుదుము గాని, ఒక జాతివారు తమ దేహమును ఎంత దయతో చూచుకొందురో వానివలననే తెలియును.

ఈ యాలోచన నాకు చెక్కు భాషవలన కలిగినది. మా బంధువుల యమ్మాయి ఐరోపాలోని చెక్కు దేశమున, ప్రాహా నగరమున చదువుచున్నది. సెలవులకు మా సఖినేటిపల్లి వచ్చినప్పుడొకనాడు భోజనములైన వెంటనే చాప పరచుకొని, "పిన్నీ, దాత్ సి ద్వత్సెత్!" అన్నది. "అదేం మంత్రమే?" అని యడిగితిని. "మంత్రం కాదు పిన్నీ, అక్కడి కుర్రకారు మాట. తనకు తాను ఇరవై ఇచ్చుకోవడం. అంటే ఇరవై నిమిషాలు కునుకు తీయడమన్నమాట" అని చెప్పి కన్నులు మూసికొన్నది.

చిన్ననాట మా తండ్రిగారియొద్ద చదివికొన్న సంస్కృతము నన్ను ఊరకుండనీయలేదు. ఆమె లేచిన పిమ్మట ఒక్కొక్క మాటకు అర్థమడిగి చూచితిని. "దాత్" అనగా నిచ్చుట. అది మన "దా" ధాతువునకు తోబుట్టువు. "సి" అనగా తనకు. దానికి మన "స్వ" శబ్దముతో చుట్టరికము. "ద్వత్సెత్" అనగా ఇరువది. అందలి "ద్వ" మన ద్విశబ్దమునకు జ్ఞాతియే. సంస్కృతమును చెక్కు భాషయు నొక్క ప్రాచీన మూలమునుండి చీలిన శాఖలు గనుక ఈ పోలికలు కలిగినవి. ఆ "దా" ధాతువునుండియే మనకు దానము వచ్చినది. అన్నదానము, వస్త్రదానము, గోదానము మనకు తెలియును. తనకు తానిచ్చుకొను దానమొకటి కలదని ఆ కుర్రకారు మాట చెప్పినది.

అది మొదలు ఆ పిల్లయొద్ద మరికొన్ని నేర్చికొంటిని. "ష్లొఫీక్" అనునది జర్మను వారి నిద్రమాటను తెచ్చి, ముద్దుగా కుదించి చేసినది. చిట్టినిద్ర యని చెప్పవచ్చును. ఏ పనియు లేక దొర్లుచుండుటను "వాలెత్ సి షుంకి" యందురట. తమ తొడలను హాస్యమునకు పందితొడలతో పోల్చి, వానిని అటునిటు దొర్లించుకొనుట యని దాని యర్థము. మన "నడుము వాల్చుట" దానికంటె గౌరవముగా నున్నదని ఇద్దరమును నవ్వుకొంటిమి. "పొహొద" యనగా తొందర లేని నెమ్మది.

ఈ మాటలలో దేనికిని సంజాయిషీ లేదు. మనలో నొకతె పగటిపూట మేను వాల్చినచో, ముందుగా తలనొప్పినో నడుమునొప్పినో సాక్ష్యము పిలువవలెను. రోగము లేని విశ్రాంతి సోమరితనముగా లెక్కింపబడును.

అట్లని చెక్కులు శ్రమ నెరుగనివారు కారు. ప్రపంచమంతయు వారినుండి గ్రహించిన మాట "రోబో". కారెల్ చాపెక్ అను రచయిత 1920లో ప్రకటించిన నాటకమునుండి అది లోకమున వ్యాపించినది. దానికి మూలమైన "రోబొత" అను పదమునకు భూస్వాములకు చేయవలసిన వెట్టిచాకిరి యని యర్థము. ఆ వెట్టి 1848లో రద్దయినది. లోకము చాకిరి మాటను అరువు తెచ్చుకొన్నది గాని, ఇరువది నిమిషముల మాటను అడుగలేదు.

విశ్రాంతికి సరియైన పేరు లేనిచోట శ్రమకును పేరుండదు. ఇందుకు దృష్టాంతము మా రేవునకు ఆవలి యొడ్డుననే కలదు. నరసాపురపు లేసు జగత్ప్రసిద్ధము. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ యల్లిక ఆ ప్రాంతపు స్త్రీల చేతులలో వర్ధిల్లి విదేశములకు పోయినది. మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు 1982లో వారిని గూర్చి యొక గ్రంథము వెలువరించినది. ఆ స్త్రీలు గంటలకొలది యల్లుచున్నను, అది పని లేని యిల్లాండ్రు తీరికవేళ చేయునదిగానే యెంచబడెననియు, అందుచేతనే వారికి దక్కిన కూలి స్వల్పమనియు నామె చూపినది. వారి శ్రమనే తీరిక యనిరి. ఇక నిజమైన తీరికకు ఏమి పేరు మిగులును?

లెక్కలును ఈ మాటనే చెప్పుచున్నవి. 2024లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేక్షణలో, జీతము లేని ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. అందు ఇరువది నిమిషములు మన పేర వ్రాసికొన్నచో ఏ సంసారమును మునిగిపోదు.

ఇందుకు పరభాషను యాచింపవలసిన పనియు లేదు. పడుకొనుట, సేదదీర్చుకొనుట, అలసట తీర్చుకొనుట: ఈ తెలుగు మాటలన్నిట "కొను" కలదు. చేసిన పనికి ఫలము చేసినవారికే చెందునని అది తెలుపును. సంస్కృతమున ఆత్మనేపదము చేయు పనియు నట్టిదే. పరస్మైపదముతోనే బ్రతుకంతయు గడపుమని ఏ వ్యాకరణమును విధింపలేదు.

మా వారి బడిలో పిల్లలకు విరామపు గంట కొట్టుదురు. ఆ గంట విని ఆడుకొనబోవు పిల్లను ఎవరును కారణమడుగరు. ఇంటిలో గంట లేదు గనుక దానిని మనమే కొట్టుకొనవలెను. ఇప్పుడు మా యింట మధ్యాహ్నము రెండు గంటలకు "ఇరువది యిచ్చుకొనుచున్నాను" అని చెప్పి చాప పరతును. తలనొప్పిని సాక్ష్యమునకు పిలువను. మొదట నవ్విన మా అత్తగారు సయితము ఇప్పుడు నా ప్రక్కనే తమ చాప పరచుకొనుచున్నారు. మీ యింటను ఈ దానము నేటినుండియే ఆరంభింతురు గాక.