చిల్లుల దుప్పటి

అక్కకు పాప పుట్టింది. దానికి లేసు దుప్పటి అల్లుతున్నానంటే మన గదిలో ఒకటే నవ్వు. "చిల్లుల దుప్పటి చలికి ఆగుతుందా?" అని. ఆగుతుంది. పైన ఇంకో గుడ్డ కప్పితే చాలు, చిల్లుల్లో నిలిచిన గాలే వెచ్చన. సైన్సు సారును అడగండి.

120 చైన్లు వేసి మొదలుపెట్టాను. ఒక నిలువు కుట్టు, రెండు చైన్లు, కింద రెండు వదిలేసి మళ్లీ నిలువు కుట్టు. గళ్లు గళ్లుగా వస్తుంది. గళ్లు పెద్దవైతే పాప వేళ్లు ఇరుక్కుంటాయి, అందుకే సన్న సూది తీసుకున్నా. రోజుకు రెండు వరసలే. (వార్డెన్ గారూ, లైట్లు ఆర్పాక అల్లడం లేదండి!)

నేర్పిన టీచరుగారిది నర్సాపురం వైపు. అక్కడ 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది. ఆ లేసు విదేశాలకు పోతుంది. 2024లో జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. కానీ టీచరుగారి అమ్మ రోజంతా అల్లినా చేతికొచ్చేది కొంచెమేనట. అలా అల్లేవాళ్లను పనివాళ్లుగా కాక ఉత్త గృహిణులుగానే లెక్కేశారని మరియా మీస్ అనే ఆవిడ 1982లో పుస్తకమే రాసింది.

అది విన్నప్పటి నుంచి ఎన్ని గంటలు అల్లానో నోటుబుక్కు వెనక రాసుకుంటున్నా. నిన్నటికి 31. అంచు ఇంకా మిగిలే ఉంది. దుప్పటితో పాటు ఆ కాగితం కూడా అక్కకు ఇస్తా.