ఆ ఇంట్లో మేరీ ఎవరు?

భయానక సాహిత్యం మీద హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ 1927లో ఒక దీర్ఘవ్యాసం అచ్చువేశాడు. ఈ ప్రక్రియ గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ దాన్ని పక్కన పెట్టలేరు. అందులో షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ కథ ‘ది యెల్లో వాల్‌పేపర్’కి ఒకే ఒక్క వాక్యం దక్కింది. మెచ్చుకోలే. ఆ కథ క్లాసిక్ స్థాయిని అందుకుందన్నాడు. అయితే ఆ మెచ్చుకోలులో చిన్న మాట ఒకటి దొర్లింది. కథలో ఆమె ఉంటున్న గదిలో అంతకుముందు ఒక పిచ్చి స్త్రీని బంధించి ఉంచారట.

కథలో ఆ మాట లేదు. 1892లో వెలువడిన ఆ కథ మనలో చాలామంది చదివిందే, పాఠం చెప్పిందే. బిడ్డను కన్న కొద్దికాలానికే దిగులులో పడిన స్త్రీకి డాక్టరైన భర్త ‘విశ్రాంతి వైద్యం’ పెడతాడు. రాయకూడదు, పనిచేయకూడదు, మేడమీది గదిలో ఉండాలి. కిటికీలకు ఊచలు, గోడలకు కడియాలు, నేలకు మేకులతో బిగించిన మంచం. ఇది పిల్లల గది అయివుంటుందని ఆమె అనుకుంటుంది. ఆ ఊచలూ కడియాలూ చూసి పాఠకులకు ఇంకేవో అనుమానాలు రావచ్చు, వచ్చాయి కూడా. లవ్‌క్రాఫ్ట్ మాత్రం అనుమానాన్ని జరిగిన సంగతిగా చెప్పేశాడు. దాంతో కథే మారిపోయింది. ఆమె మతి చెదరడానికి పాత పిచ్చిదాని నీడ కారణమైంది. భర్త, అతని వైద్యం, అతని ప్రేమపూర్వకమైన నిషేధాలు వాక్యంలోంచి జారిపోయాయి.

అంత సూక్ష్మంగా చదవగల మనిషి ఇక్కడ ఇలా ఎందుకు చదివాడన్నది నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉన్న ప్రశ్న.

ఈ సాహిత్యంతో పరిచయం లేనివారికి రెండు మాటలు చెప్పాలి. దీన్ని ‘వియర్డ్ ఫిక్షన్’ అంటారు. 1923లో షికాగోలో మొదలైన ‘వియర్డ్ టేల్స్’ అనే చవక పత్రిక దీనికి పుట్టిల్లు లాంటిది. మన దెయ్యం కథల్లో దెయ్యానికి ఒక కారణం ఉంటుంది. ఎవరో తోసేసిన బావి ఉంటుంది, తీరని కోరికో పగో ఉంటుంది. లవ్‌క్రాఫ్ట్ సృష్టించిన దేవతలకు మనమీద పగా లేదు, దయా లేదు. 1928లో వచ్చిన ‘ది కాల్ ఆఫ్ క్తుల్హు’లో సముద్రగర్భంలో పడుకున్న ఆ మహాకాయం ఒత్తిగిల్లితే చాలు, మానవజాతి చీమలపుట్ట అయిపోతుంది. విశ్వం లెక్కలో మనం లేనేలేమన్న ఎరుకే ఇక్కడి భయం. ‘కాస్మిక్ హారర్’ అన్న పేరు అందుకే వచ్చింది. నాకీ కథలంటే ఇష్టం. మనిషంటే మగవాడేనని, సృష్టికి నడిబొడ్డు అతనేనని చెప్పిన చదువులే చదువుకుని వచ్చాం. ఆ నడిబొడ్డును పురుగులా చూపించే కథ దొరికితే ఏదో ఊరటగా ఉంటుంది. ఇది చెప్పకుండా అతని జాత్యహంకారం గురించి మొదలుపెడితే సగం మాటే అవుతుంది.

విశ్వం ముందు మనుషులంతా సమానంగా అల్పులే అన్నవాడు బ్రూక్లిన్ వీధిలోకి వచ్చేసరికి ఆ మాట మరిచిపోయాడు. 1924లో అతను సోనియా గ్రీన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఉక్రెయిన్‌లో పుట్టిన యూదు స్త్రీ, టోపీల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. అతనికి ఉద్యోగం దొరకలేదు. ఆమె వ్యాపారం దెబ్బతింది. ఆమె పని వెతుక్కుంటూ ఒహాయో వెళ్లి అక్కడినుంచి డబ్బు పంపుతుంటే, బ్రూక్లిన్ గదిలో కూర్చుని 1925లో అతను రాసిన కథ ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’. ఆ పేటలోని వలస జనమే అందులో రాక్షసమూక. వీధుల్లో విదేశీయుల గుంపును చూస్తే అతను కోపంతో పాలిపోయేవాడని, తానూ యూదునేనని గుర్తుచేయాల్సి వచ్చేదని సోనియా తర్వాత జ్ఞాపకాల్లో రాసింది. ‘ఆ కాలం అలాంటిది’ అని అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లు సోనియా కూడా ఆ కాలంలోనే, ఆ ఇంట్లోనే ఉందని మరిచిపోతారు. 1926లో అతను ప్రావిడెన్స్‌లోని మేనత్తలాంటి ఆదరువుకు, అంటే తల్లి అక్కచెల్లెళ్ల నీడకు, తిరిగి వెళ్లిపోయాడు.

ఇంతకన్నా నాకు ముఖ్యమనిపించేది ఈ భయం నడిచే దారి. 1921 నాటి ఆర్థర్ జెర్మిన్ కథలో ఒక ఇంగ్లిషు ప్రభువంశీకుడు తన వంశం పుట్టుక తెలుసుకుని ఒంటికి నిప్పంటించుకుంటాడు. పూర్వీకుడు ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న భార్య మనిషే కాదని తేలుతుంది. 1931లో రాసిన ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మత్’లో కథకుడు చేపమనుషుల ఊరి నుంచి తప్పించుకుని వస్తాడు. తీరా చూస్తే ఆ రక్తం తనలోనే ఉంది, అమ్మమ్మ వైపు నుంచి. జీలియా బిషప్ పేరుమీద అతను రాసిపెట్టిన ‘మెడూసాస్ కాయిల్’ 1939లో అచ్చయింది. పాములాంటి జడ, శవాలు, అన్నీ అయ్యాక చివరి వాక్యం కోసం దాచిపెట్టిన పరమ భీకర రహస్యం ఒకటుంది. మార్సెలిన్ అనే ఆ స్త్రీలో కాస్త నల్లజాతి రక్తం ఉందట! ఒక స్త్రీ డబ్బిచ్చి రాయించుకుని తన పేరుతో అచ్చువేసుకున్న కథ ఇది. ఆ సంగతి దగ్గర నేను కాసేపు ఆగిపోతాను.

మూడింటిలోనూ వంశం ‘చెడింది’ ఆడమనిషి గర్భంలోనే. కులస్త్రీలు చెడితే వర్ణసంకరం అవుతుందని భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు బెంగపడతాడు. ఆ బెంగ పునాదిగా ఊళ్లు కట్టుకున్న దేశంలో పుట్టినవాళ్లకు ఈ కథలు విడమరిచి చెప్పక్కర్లేదు. నీచువాసన, జిగట, తగిలితే ఒళ్లు జలదరించడం, పొలిమేర అవతలి పేట. లవ్‌క్రాఫ్ట్ వర్ణనలన్నీ మైల భాషలోకి ఇట్టే దిగిపోతాయి.

తండ్రి పిచ్చాసుపత్రిలో చనిపోయాడు, తల్లీ అదే ఆసుపత్రిలో చనిపోయింది కనుక అతని మనసు అలా తయారైందని జీవితచరిత్ర ఆధారంగా జాలిపడే విమర్శ ఒకటుంది. జాలి పడవచ్చు. కానీ 1924లో వర్జీనియా రాష్ట్రం తెల్లవాళ్లు ఇతర జాతులవాళ్లను పెళ్లాడటాన్ని కఠినంగా నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ ఏడే అమెరికా వలసల తలుపులు మూసింది. 1927లో కేరీ బక్ అనే పేద తెల్ల యువతి ‘మందబుద్ధి’ అని, ఆమెకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేయవచ్చని సుప్రీంకోర్టు 8–1తో తీర్పిచ్చింది. ఆమె మందబుద్ధీ కాదు, ‘చెడిపోయినదీ’ కాదు. అత్యాచారం వల్ల బిడ్డను కన్నది. ఇన్ని చట్టాలు చేసినవాళ్ల తల్లిదండ్రులందరూ పిచ్చాసుపత్రిలో లేరు కదా.

కేరీ బక్ గురించి చదివినప్పుడల్లా నాకు లవీనియా వాట్లీ గుర్తొస్తుంది. 1929లో వచ్చిన ‘ది డన్విచ్ హారర్’లో ఆమె ఒక కొండపల్లె పేదరాలు. మంత్రగాడైన తండ్రి ఆమెను వేరే లోకపు శక్తికి అప్పగించి బిడ్డల్ని కనిపిస్తాడు. కొన్నేళ్లకు కన్నకొడుకంటేనే ఆమెకు భయం పుడుతుంది. ఒక రాత్రి మాయమైపోతుంది. ఊళ్లో ఎవరూ వెతకరు, కథా వెతకదు. పుస్తకాల పండితులైన మగవాళ్లు వచ్చి లోకాన్ని రక్షిస్తారు. ఈ కథకు ఆర్థర్ మాకెన్ 1894లో ప్రచురించిన ‘ది గ్రేట్ గాడ్ పాన్’ దారి చూపింది. లవ్‌క్రాఫ్టే ఆ పేరును తన కథలో ఎత్తుతాడు. మాకెన్ కథలో డాక్టర్ రేమండ్ మురికికాల్వ పక్కనుంచి తెచ్చి పెంచిన మేరీ అనే అమ్మాయి మెదడుకు శస్త్రచికిత్స చేస్తాడు, కనబడని లోకాన్ని చూపించడానికి. తిండి పెట్టి బతికించింది తనే కనుక ఆమె ప్రాణం తన సొత్తు అంటాడు. మేరీ మతి పోగొట్టుకుంటుంది, ఒక కూతుర్ని కని చనిపోతుంది. మిగతా కథంతా ఆ కూతురు హెలెన్ ఎంత భయంకరమైనదో చెప్పడానికే. హెలెన్ మెడకు ఉరి బిగుస్తుంది. డాక్టరుకు కాస్త పశ్చాత్తాపం దక్కుతుంది, అంతే.

‘యెల్లో వాల్‌పేపర్’ గదిలో డాక్టరు కనబడకపోవడం ఇప్పుడు నాకు అంత వింతగా లేదు. ఈ కథలు చదివి, ఈ కథలు రాసిన కంటికి డాక్టరు ఎప్పుడూ కనబడలేదు.

1975 నుంచి వరల్డ్ ఫాంటసీ అవార్డు అంటే లవ్‌క్రాఫ్ట్ తల ప్రతిమ. 2011లో ఆ అవార్డు పొందిన నైజీరియన్ అమెరికన్ రచయిత్రి న్నెడి ఒకొరాఫోర్, నల్లవాళ్లను సగం మనిషిగా తయారైన జంతువన్న అతని 1912 నాటి పద్యం తెలిశాక, ఆ తలను ఇంట్లో పెట్టుకోవడమంటే ఏమిటని బహిరంగంగా రాసింది. వాదోపవాదాలు సాగి 2015లో ఆ ప్రతిమను మానేశారు. లవ్‌క్రాఫ్ట్ రచనలన్నీ పరిష్కరించి ప్రచురించిన ఎస్.టి. జోషి నిరసనగా తన అవార్డులు తిప్పి పంపాడు. ఆయన పుట్టింది పుణెలో. ఆయన పాండిత్యం లేకపోతే నేను పైన రాసినవాటిలో చాలా సంగతులు ఎవరికీ ఇంత తేటగా తెలిసేవి కావు. అయినా ఈ విషయంలో నేను ఒకొరాఫోర్ పక్షమే. పుస్తకం చదవడం వేరు, తల పూజించడం వేరు.

ప్రతిమ తీసేయడం వల్ల మనకేమీ పోలేదు. అతను మనవాడు కాడు. గిల్మన్ మన మనిషి. 1973లో ఫెమినిస్ట్ ప్రెస్ ఎలైన్ హెడ్జెస్ వెనుకమాటతో ఆ కథను మళ్లీ వేశాక అది స్త్రీవాద విమర్శకు పెద్దబాలశిక్ష అయింది. ఆ గిల్మనే 1908లో ఒక సామాజికశాస్త్ర పత్రికలో, తమ కాళ్లమీద తాము నిలబడలేని నల్లవాళ్లను రాష్ట్రాలు నిర్బంధ శ్రమసైన్యంగా కూర్చాలని ప్రతిపాదించింది. అది బానిసత్వం కాదని వాదించింది కూడా. సంతానం మేలు పేరిట ఎవరు కనాలో ఎవరు కనకూడదో నిర్ణయించే సిద్ధాంతాన్నీ ఆమె నమ్మింది. 1989లో సూజన్ లాన్సర్, ఆ గోడకాగితం పసుపురంగులోనే ఆ రోజుల్లో చైనా వలసదారుల మీదున్న ఏవగింపు కలిసి ఉందని చూపించింది. కథ రాసింది కాలిఫోర్నియాలో, చైనీయుల రాకను నిషేధించిన 1882 చట్టం అమల్లో ఉండగా. ఆ రంగు, దాని వాసన, ఇల్లంతా పాకే తీరు వర్ణించిన వాక్యాలు ఒకసారి లవ్‌క్రాఫ్ట్ రెడ్ హుక్ పక్కన పెట్టి చదవండి.

ఎమ్మే క్లాసులో ఈ కథ చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, “మేరీ ఎవరు మేడమ్?” అంది. చాలామందికి ఆ పేరే గుర్తులేదు. కథలో ఒకే ఒక్కసారి వస్తుంది. బిడ్డను మేరీ బాగా చూసుకుంటోంది, అదృష్టం, అని. “ఆవిడకీ పిల్లలున్నారా? వాళ్లనెవరు చూస్తున్నారు?” క్లాసులో ఎవరో నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్లమ్మ రెండిళ్లలో ఆయాగా పనిచేస్తుంది.

మనకిది కొత్త ప్రశ్న కాదు. ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది, ‘నల్లపొద్దు’ 2003లో. ఆ పదేళ్లలో దళిత స్త్రీలు మనల్ని అడిగింది ఇంచుమించు ఇదే. వంటింటి చెర గురించి రాసిన కవయిత్రుల ఇళ్లలో అంట్లు తోమినది ఎవరని. అప్పుడు కొందరు నొచ్చుకున్నారు. ఉద్యమం చీలిపోతుందన్నారు. ఏమీ చీలిపోలేదు. గోడలవతల ఉన్నవాళ్లు కనబడ్డారు.

గిల్మన్‌ను పాఠ్యప్రణాళిక నుంచి తీసేయమని నేనడగను. 1908 వ్యాసం పక్కన పెట్టి చెప్పమంటాను. డాక్టర్ జాన్‌ను అంత స్పష్టంగా చూసిన కళ్లకు మేరీ ఎందుకు ఆనలేదో అడగమంటాను. లవ్‌క్రాఫ్ట్ విషయంలో ఆ పని రచయితలే మొదలుపెట్టారు. విక్టర్ లవాల్ 2016లో ‘ది బల్లాడ్ ఆఫ్ బ్లాక్ టామ్’లో రెడ్ హుక్ కథను ఒక నల్ల యువకుడి వైపు నుంచి తిరగరాశాడు. ఇన్స్‌మత్ జనాన్ని ప్రభుత్వం పట్టుకుపోయి శిబిరాల్లో పెట్టిందని లవ్‌క్రాఫ్ట్ అలా అనేసి వదిలేశాడు. ఆ శిబిరం నుంచి బతికి బయటపడ్డ స్త్రీ చేత రుథానా ఎమ్రిస్ ‘వింటర్ టైడ్’ (2017) చెప్పించింది. కిజ్ జాన్సన్ నవలిక ‘ది డ్రీమ్-క్వెస్ట్ ఆఫ్ వెలిట్ బో’ (2016) మన పాఠకులకు తప్పక నచ్చుతుంది. లవ్‌క్రాఫ్ట్ కలలోకంలో చెప్పుకోదగ్గ ఆడమనిషి ఒక్కరూ లేరు. అక్కడ ఆమె ఏకంగా ఒక మహిళా కళాశాల కట్టి, యాభై దాటిన అధ్యాపకురాలిని, పారిపోయిన విద్యార్థిని కోసం కొండలూ గుహలూ దాటిస్తుంది. మోకాళ్ల నొప్పులతో లోకాలు దాటే నాయికను నేను మరెక్కడా చూడలేదు.

ఆ సెమిస్టరు అసైన్‌మెంటు మేరీ వైపు నుంచి కథ రాయడం. ఎక్కువమంది మేరీకి కూడా గోడలో ఆడమనిషి కనబడినట్టు రాశారు. ప్రశ్న అడిగిన అమ్మాయి బట్టల గురించి రాసింది. ఆ గోడకాగితం తగిలి యజమానురాలి బట్టలకూ అయ్యగారి బట్టలకూ పసుపు మరకలు అంటాయని అసలు కథలోనే ఒక మాట ఉంది. ఈ అమ్మాయి కథలో మేరీ ఆ మరకలు ఉతుకుతూ ఉంటుంది. సబ్బు అరిగిపోతుంది, మరక పోదు. మధ్యలో బిడ్డ ఏడుస్తాడు, చేతులు తుడుచుకుని వెళ్లి ఎత్తుకుంటుంది, బిడ్డ చొక్కాకీ పసుపు అంటుతుంది. మళ్లీ మొదలు. మేడమీద ఏదో చప్పుడవుతుంది, తలెత్తి చూడదు. కథ అక్కడ ఆగిపోయింది. ఇదేమిటమ్మా, ముగింపు ఏదని అడిగాను. “రెండు పేజీలే రాయమన్నారు కదా మేడమ్” అంది.