క్షరణం – విచారణం

పాములపాడుకు ఉత్తరాన, కొత్తపల్లి మండలంలోని సంగమేశ్వరాలయం సంవత్సరంలో అధికకాలం శ్రీశైల జలాశయగర్భంలో ఉండి, నీటిమట్టం తగ్గినప్పుడే భక్తులకు దర్శనమిస్తుంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అనే సప్తనదుల సంగమంగా ఆ క్షేత్రానికి ప్రసిద్ధి. అట్టి పుణ్యజలంపై సాగే పడవ వెనుక, పాత అవుట్‌బోర్డ్ మోటారు నుండి రంగురంగుల చమురుపొర విస్తరిస్తున్నదని అనుకుందాం. తీర్థం మలినమవుతున్నది. గేర్లకు నూనె కరవైతే యాత్రికులు నడినీటిలో చిక్కుకుంటారు. దోషం ఎక్కడున్నది? దీనిని నిర్ణయించే మార్గం న్యాయదర్శనానికి అపరిచితం కాదు.

పర్వతంపై పొగను చూచి అగ్నిని అనుమించడం తార్కికుల ప్రసిద్ధ దృష్టాంతం. కాని అగ్ని ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం చెల్లదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో అగ్ని ఉన్నది, పొగ లేదు. తడికట్టెల సంయోగమనే ఉపాధి ఉన్నప్పుడే పొగ పుడుతుంది. అట్లే చమురు కనబడినంత మాత్రాన మోటారు కారుతున్నదని నిశ్చయించరాదు. టూ-స్ట్రోక్ మోటారులో నూనె పెట్రోలుతో కలిసే దహనమవుతుంది. దగ్ధం కాని శేషం పొగతో కూడి, చాలా మోటార్లలో ప్రొపెల్లర్ మధ్యభాగం గుండా నీటిలోకి వెలువడుతుంది. పెట్రోలు వాసనతో కారే పలుచని నల్లని బిందువులు సాధారణంగా ఈ శేషమే, అది యంత్రస్వభావం. చిక్కగా, జిగటగా, గంధకపు ఘాటుతో ఉన్నది గేరునూనె. మూసిన గదిలో ఉండవలసిన ఆ నూనె బయట కనబడడమే దోషలక్షణం.

మరక ఉన్నచోటే రంధ్రం ఉన్నదని భావించరాదు. నూనె బరువుచేత క్రిందికి, నీటివేగంచేత వెనుకకు ప్రసరిస్తుంది. కనుక ప్రథమకర్తవ్యం ప్రక్షాళనం. మోటారు క్రిందిభాగాన్ని కడిగి, తుడిచి, అడుగున తెల్లకాగితం పరచి, ఒక రాత్రి నిలువుగా ఉంచాలి. మరునాడు అడుగు స్క్రూ విప్పితే తొలి బిందువులే సాక్ష్యం చెబుతాయి: నీరు విడిగా వచ్చినా, నూనె పాలవలె తెల్లబడినా లోనికి నీరు చేరినట్లే. పిదప నూనెను పూర్తిగా తీసి, చేతిపంపుతో సుమారు 10 పి.ఎస్.ఐ. గాలి పట్టించి, సబ్బునీరు పూయాలి. స్క్రూల వాషర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు సీలు, గేరు మార్చే కడ్డీ సీలు – బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ దోషం ప్రత్యక్షమవుతుంది. వలలు వేసే జలాలలో దారం షాఫ్టుకు చుట్టుకొని సీలును కోయడం తరచు జరిగేదే. ఆ దారం తీయకుండా క్రొత్త సీలు వేసినా నిలువదు. నూనెను అడుగు రంధ్రం నుండి పైరంధ్రంలో పొంగేవరకు నింపి, ముందు పైస్క్రూను, తరువాత అడుగుస్క్రూను బిగిస్తే లోపల గాలి మిగలదు.

పొగదారి కారితే మూత క్రింద మసిచార కనబడుతుంది. అది చాలావరకు గ్యాస్కెట్ చెడిన గుర్తు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు గనుక మూసిన గదిలో మోటారును నడిపి పరీక్షించరాదు.

ఇందులో సాధకుడు గ్రహించదగిన విషయమొకటున్నది. నూనె వెలికిపోయే రంధ్రమే నీరు లోనికి వచ్చే ద్వారం. ఇంద్రియాలలో ఒక్కటి జారినా, తోలుతిత్తికి పడిన రంధ్రం నుండి నీరువలె ప్రజ్ఞ స్రవించిపోతుందని మనుస్మృతి ద్వితీయాధ్యాయం హెచ్చరిస్తున్నది. ప్రజ్ఞ జారిన దారినే విషయవాసన లోనికి ప్రవేశిస్తుంది. నిత్యం నూనె పోస్తూ సీలును విస్మరించిన పడవవాడు కొన్నాళ్లు ప్రయాణించగలడు. అట్లే జపసంఖ్యను పెంచుతూ, కోపం మాటలో కనబడిన ప్రతిసారీ మాటనే దిద్దుకొనేవాడు దాని మూలాన్ని చేరలేడు. ముందు మనస్సును కడిగి, నిశ్చలంగా నిలిపి, తొలి బిందువు ఎక్కడ పుట్టినదో చూడాలి. అక్కడ ఏనాటిదో ఒక సన్నని దారం చుట్టుకొని ఉండవచ్చును. తీయవలసినది దానిని.

శ్రీ సంగమేశ్వరార్పణమస్తు.