నాన్న చాకు, షెఫీల్డ్ సాన

మా నాన్న జేబులో ఎప్పుడూ రెండు వస్తువులుండేవి: కళ్ళజోడు, మడత చాకు. బంగినపల్లి పండుని ఆ చాకుతో తొక్క తెగకుండా ఒకే చుట్టుగా తీసేవారు. ఆయన పోయాక అమ్మ ఆ చాకు నాకిచ్చింది. నేను దాన్ని పాడుచేశాను.

మొద్దుబారిందని మాంచెస్టర్‌లో మా గరాజులో ఉన్న కరెంటు సాన చక్రం మీద పెట్టాను. రవ్వలు బాగానే లేచాయి. రెండు రోజులకే మళ్ళీ మొద్దు. పైగా మొన దగ్గర అంచు వెంట నీలం రంగు గీత. ఎంత తోమినా పోలేదు. మా వారు "కొత్తది కొందాంలే" అన్నారు. కొత్తది కొనొచ్చు, నాన్నది కొనలేం కదా!

హాఫ్ టర్మ్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని షెఫీల్డ్ వెళ్ళాం. మాంచెస్టర్ నుంచి పెనైన్ కొండల గుండా రైల్లో గంట ప్రయాణం. తాళం పడని, మూడంగుళాలు మించని మడత చాకుని వెంట ఉంచుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అయినా మ్యూజియంకి ముందే ఫోన్ చేసి అడిగి, గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను.

కత్తులకి ఈ ఊరే ఎందుకంటే కారణాలు చుట్టూ కనిపిస్తాయి. కొండల నుంచి దిగే ఐదు నదులు సాన చక్రాల్ని తిప్పాయి. చక్రాలకి కావలసిన ఇసుకరాయి ఆ కొండల్లోనే దొరికింది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టి మూసల్లో ఉక్కు కరిగించి, అంతటా ఒకేలా ఉండే ఉక్కు తయారుచేశాడు.

అది చదువుతుంటే నాకు మన కోనసముద్రం గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్ళో అంతకు ఎంతో ముందే మూసల్లో ఉక్కు చేసేవారు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషు వాళ్ళు 'వుట్జ్' అన్నది ఆ ఉక్కునే. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే కూడా దాని గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు.

కెల్హామ్ ఐలండ్ మ్యూజియంలో చిన్న చిన్న పనిగదులున్నాయి. ఒకదాంట్లో పెద్దాయన పని చేసుకుంటున్నారు. చాకు చూపించాను. వెలుగులో అటూ ఇటూ తిప్పి, "వేడెక్కించావా, లవ్?" అన్నారు. ఇక్కడ పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారు.

అప్పుడు వెలిగింది నాకు. కెమిస్ట్రీ డిగ్రీ చేసి ఏం లాభం! ఉక్కుని దాదాపు 800 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసు. అందుకని మళ్ళీ 200 డిగ్రీల పైచిలుకు దాకా మెల్లగా వేడిచేస్తారు. లేత గడ్డి రంగు తేలగానే ఆపాలి. నీలం తేలిందంటే 300 దాకా వెళ్ళిందని అర్థం. ఆ ఉక్కు మెత్తబడిపోతుంది. ఎంత సాన పట్టినా అంచు నిలవదు.

మిగతాది ఆయన చెప్పారు. పదునంటే అంచు సన్నదనం. మంచి అంచు మందం ఒక మైక్రాన్ కన్నా తక్కువ. మన తల వెంట్రుక దాదాపు డెబ్భై మైక్రాన్లు! రెండు వైపులా ఇరవై డిగ్రీల వాలు తప్పకుండా రాయి మీద రుద్దాలి. అవతలి వైపు సన్నటి పొర తిరగబడినట్టు వేలికి తగిలితే వైపు మార్చాలి. చివరికి ఆ పొరని తోలు మీద తుడిచేయాలి, మన మంగలి కత్తికి చేసినట్టే. "నీలం పోయేదాకా అరగదీయి. నీళ్ళు, ఓపిక. చక్రం వద్దు" అన్నారు.

బయటికొస్తూ కత్తులూ చెంచాలూ మెరుగుపెట్టిన 'బఫర్ గర్ల్స్' ఫొటోలు చూశాం. తలకి గుడ్డ, ఒంటికి కాగితాలు చుట్టుకుని, నల్లటి మురికిలో నవ్వుతున్నారు. సానపట్టే మగవాళ్ళలో చాలామంది రాతిదుమ్ము పీల్చి చిన్న వయసులోనే పోయారట. పదును వెనక ఎన్ని ఊపిరితిత్తులో!

ఇంటికొచ్చి నాలుగు సాయంత్రాలు వంటింటి సింకు దగ్గర కూర్చున్నాను. నీలం పోయింది. చాకు రెండు మిల్లీమీటర్లు సన్నబడింది. దానికే కాస్త బాధేసింది.

మీ వంటింటి కత్తులకీ ఇదే లెక్క. గాజు పలక మీద కోయకండి, డిష్‌వాషర్‌లో వేయకండి. మొద్దు కత్తి జారి వేలిమీదకే వస్తుంది.

మొన్న ఇండియన్ షాపులో బంగినపల్లి దొరికింది. నాన్నలాగే తొక్క తీయబోయాను. రెండుసార్లు తెగింది. తప్పు చాకుది కాదు.